సున్నంలో చావనిది

దేవదాసు ఇంకా టీ తాగుతూనే ఉన్నాడు. సాసర్లో పోసుకోవడం, ఉఫ్ ఉఫ్ మని ఊదుకోవడం, జుర్రున ఒక గుక్క లాగి మళ్లీ తోళ్ల కబురొకటి ఎత్తుకోవడం. వసారాలో ఆయన, ఆయన పక్కన మేనమామ ఇమాం సాహెబ్ మామూ, మామూ చెయ్యి కింద మైమూనా చెక్కపెట్టె. వసారాకీ నడవాకీ మధ్య పచ్చ పరదా. పరదా ఇవతల మైమూనా, ప్రయాణానికి బురఖా కూడా వేసుకుని, బియ్యపు బస్తా మీద కూర్చుని ఉంది. మద్రాసు కంపెనీ తరఫున తోళ్లు చూడ్డానికి వచ్చిన మనిషి కదిలేదాకా ఇంట్లో ఎవరూ నోరెత్తొద్దని మామూ హుకుం. నోరెత్తొద్దట. పెళ్లిళ్ల మాటలన్నీ తోసిరాజని మద్రాసు వెళ్లి, కంటికి కనపడని పురుగుల మీద డాక్టరేటు చేస్తున్న మనిషిని నోరెత్తొద్దని చెప్పి బియ్యపు బస్తా మీద కూర్చోబెట్టారు. బయట జట్కా గుర్రం గిట్ట నేలకేసి కొడుతోంది, దానికున్నపాటి స్వేచ్ఛ కూడా తనకి లేకపోయింది. ఈ రైలు వెళ్లిపోతే రేపటిదాకా గుంటూరుకి బండి లేదు. వెనక కొట్టంలో గోనెపట్టా మీద పడుకున్న తోళ్ల కూలీ కొండలు రేపటిదాకా ఉంటాడని ఎవరూ పూచీ పడలేరు. ఆ సంగతి ఈ ఇంట్లో అర్థమైంది తనొక్కదానికే, నోరు మూయించిందీ తనదే.

నొప్పేం లేదు మైమూనమ్మా, అన్నాడు పొద్దున కొండలు. ఊరికే మెడ బిగుసుకుంది, కాస్త జొరం, మూటలు మోసీ మోసీ పట్టేసుంటది. అతని భార్య పోలేరమ్మ పక్కన కూర్చుని, వేలితో సున్నం తీసి, తమలపాకుకి రాసినంత పొందిగ్గా అతని మెడ మీది పొక్కుకి పట్టిస్తోంది. మైమూనా అప్పుడే, పరిశోధనకని, తోళ్లు నానేసే సున్నపు గోతిలోంచి చివరి సీసా మడ్డి నింపుకుని, మైనంతో మూత బిగించి, వెళ్లొస్తానని చెప్పడానికి అటు వెళ్లింది. సున్నం తడి కింద నల్లటి పెచ్చు, దాని చుట్టూ చిన్న చిన్న నీటిపొక్కులు, దవడ దాకా పొంగిన వాపు. నొక్కితే నొప్పి లేదంటాడు. నొప్పుంటే ఎంత బాగుండేది, సెగ్గడ్డ అనుకుని ఊపిరి పీల్చుకునేది. ఎప్పుడు లేచింది కొండలూ అంటే, గొల్లోళ్ల మందలో పడ్డ గొర్రెల తోళ్లొచ్చినయ్యి చూడమ్మా, అయి మోసినాక, అన్నాడు. పడ్డ గొర్రెలు. పొద్దున మేత మేసి, పొద్దుగూకేలోపు పొట్టలుబ్బి, ముక్కుల్లోంచి నల్లరక్తం కారి, నిలబడ్డచోటే కూలిపోయే గొర్రెలు. ఆ రోగం పేరు పల్నాట పసిపిల్లకైనా తెలుసు. దొమ్మ. తెలిసీ తోలు వలుస్తారు, తెలిసీ మాంసం పంచుకుంటారు. మంద మందంతా పోగొట్టుకున్నవాడు ఆ తోలైనా అమ్ముకోకపోతే ఏం తింటాడు? ఆ తోలు మొయ్యకపోతే కొండలు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? మైమూనా ఒక్క పరుగున వచ్చి మామూకి చెప్పింది. జట్కా ఎటూ స్టేషనుకే పోతోంది, కొండల్నీ పోలేరమ్మనీ ఎక్కించండి, నాతో గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోతాను, యుద్ధంలో వచ్చిన కొత్త సూదిమందు ఉంది, వేళకి పడితే బతుకుతాడు. సరిగ్గా అప్పుడే దేవదాసు వాకిట్లో దిగాడు. మామూ ఆయన వైపు చూసి మొహానికి నవ్వు పులుముకుని, ఇటు తిరిగి పళ్ల మధ్య నుంచి అన్నాడు. "ఆయన పోయిందాకా ఆ మాట నీ నోట రాగూడదు. లోపలికి పో."

ఆ మాట. ఈ ఇంట్లో ఆడవాళ్లకంటే ఆ మాటకే గట్టి ఘోషా. అబ్బా పోయినప్పుడు కూడా అది గడప దాటలేదు. మైమూనా తండ్రి సత్తార్ సాహెబ్ రాచపుండుతో పోయారని మాచర్ల మాచర్లంతా చెప్పుకుంది, ఇప్పటికీ చెప్పుకుంటుంది. రాచపుండు, చావుకి తలపాగా చుట్టినట్టు ఎంత మర్యాదైన పేరో. అప్పుడు మైమూనా గుంటూరులో ఇంటర్మీడియట్ చదువుతోంది. అబ్బాకి బాగాలేదని కబురొస్తే రైలు దిగి వచ్చేసరికి ఆయన ఇదే నడవాలో మంచం మీద, మెడకి తెల్లగా సున్నం, అమ్మీ విసనకర్రతో విసురుతూ. నొప్పి లేదు బేటీ, అన్నారు నవ్వుతూ. అదే మాట. మక్కీకి మక్కీ కొండలు అన్న మాటే. నొప్పి లేదంటే తను సంతోషించింది, ఎంత పిచ్చిదో, వంటింట్లోకి వెళ్లి అబ్బాకి ఇష్టమని మెంతికూర కూడా వండింది. ఆ మెంతికూర ఎవరూ తినలేదు. తర్వాత ఏళ్లకి మద్రాసులో, లైబ్రరీలో, ఎవరో తెల్లదేశపు ఉన్ని కూలీ మెడ బొమ్మ రంగుల్లో అచ్చేసిన పుస్తకం విప్పింది. నల్లటి పెచ్చు, చుట్టూ నీటిపొక్కులు. అది ఎవడో తెల్లవాడి మెడ కాదు, అబ్బా మెడ. కింద రాసి ఉంది, నొప్పి ఉండదని. పక్కన కూర్చున్నవాళ్లు ఏదో మాట్లాడుకుంటున్నారు, ఫ్యాను తిరుగుతోంది, తను ఆ బొమ్మ మీద అరచెయ్యి ఆనించి కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అంత కోపం అంతకుముందు ఎప్పుడూ ఎరగదు. రాచపుండట. రాజుల్లేరు, రాచరికం లేదు, మన గోతిలో నానేసిన తోలు మన అబ్బాని తినేసింది. ఆ రోజే అనుకుంది, డాక్టరేటు చేస్తే దీనిమీదే చేస్తాను, మరి దేనిమీదా చెయ్యను.

అబ్బా తోలుని చేత్తో పట్టుకుంటే చాలు, ఎక్కడి మందదో చెప్పేవారు. గోతిలోంచి తీసి, బొచ్చు గీకి, కడిగిన తోలు అంచు నాలుక కొసకి తాకించి చూసేవారు, సున్నం పూర్తిగా వదిలిందా లేదా అని. నాలుక చురుక్కుమంటే మళ్లీ కడగరా కొండలూ అనేవారు. నాలుక కొస. తలచుకుంటే ఇప్పటికీ మైమూనా ఒళ్లు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం ఆ నాలుకని మించిన సైన్సు లేదనిపించేది. సంతకి తీసుకెళ్లేవారు, చిన్నప్పుడు, పరదా వయసు రాకముందు. అక్కడ బేరం నోటితో ఆడరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, కుడిచేతుల మీద ఒక తువ్వాల కప్పుకుని, ఆ తువ్వాల కిందే వేళ్లతో మాట్లాడుకుంటారు. పైన మొహాలు మాత్రం వాన గురించో పిల్లల పెళ్లి గురించో కబుర్లు చెప్పుకుంటూ ఉంటాయి. చుట్టూ ఎంతమంది నిలబడినా ధర ఎవరికీ తెలియదు. ఒప్పుకుంటే అరచెయ్యి అదుముతారు. అదిమిన చేతికి తిరుగులేదు, అల్లా మీద ఒట్టుతో సమానం. ఒప్పుకోకపోతే చెయ్యి మెల్లగా లాగేసుకుంటారు, ఎవరి మర్యాదకీ భంగం లేదు. ఒక్కటి మాత్రం చెయ్యకూడదు. తువ్వాల కింది ధర నోటితో పైకి అనకూడదు. అన్నవాడితో మళ్లీ ఎవడూ బేరానికి కూర్చోడు. అబ్బా ఇంట్లో వేడుకకి తన భుజం మీది తువ్వాల కప్పి మైమూనా చిన్న వేళ్లకి ఆ భాష నేర్పారు. వేలు పట్టుకుంటే ఇంత, గుప్పిట పట్టుకుంటే ఇంత. చూశావా చాంద్ బీ, నీ కూతురు మద్రాసు షావుకారుకి కూడా పాఠం చెప్పుద్ది, అని అమ్మీని పిలిచి మురిసిపోయారు. ఆయన అన్నదొకటి అయిందొకటి, కూతురు మద్రాసు వెళ్లింది గానీ షావుకారుకి పాఠం చెప్పడానికి కాదు, ఆయన మెడ మీది పుండుకి అసలు పేరు వెతకడానికి.

మద్రాసులో మాత్రం పూలబాటా? తోళ్లోళ్ల పిల్ల అని మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఆమె సీసాలు తెరిచిన రోజున పక్క బల్ల కుర్రాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకునేవారు, అత్తరు కూడా చల్లుకునేవారు పాపం. ఒకాయన మర్యాదగానే అడిగాడు, మీ వాళ్లలో పరదా ఉండాలే అని. ఉందండీ, దానికి అవతలే మీరున్నారు, అంది. అప్పట్నుంచీ ఆయన పలకరించడం మానేశాడు, ఓ పని తగ్గింది. ఆచార్యుల వారైతే మంచివారే, కోప్పడేవారు కాదు. కోప్పడితే బదులు చెప్పవచ్చు. ఆయన నవ్వేవారు. సున్నంలో బతికేది ఏముంటుందమ్మా, అనేవారు. నీ చేతిలోనే ఎక్కడో పొరపాటు దొర్లుంటుంది, ఇంట్లో అలవాటైన చేతులు కదా, సున్నితం తక్కువ, మళ్లీ చెయ్యి. మళ్లీ చేసింది. మళ్లీ అదే వచ్చింది. మళ్లీ చెయ్యి అన్నారు. మళ్లీ చేసింది. గోతిలో అన్నాళ్లు నానీ, బొచ్చంతా ఊడిపోయీ, తోలు తెల్లబడీ, ఆ దొమ్మ గింజ మాత్రం గట్టి పెంకు కప్పుకుని పడి ఉంటోంది, కాస్త వెచ్చన తగిలితే మళ్లీ కళ్లు తెరుస్తోంది. దాని మొండితనం చూసి ఒక్కోసారి ఆమెకే ముచ్చటేసేది. నీలాంటిదాన్నే నేనూ, ఎందులో నానేసినా చావను, అని సూక్ష్మదర్శినిలోకి చూస్తూ అనుకునేది. చివరికి ఆచార్యుల వారు నవ్వడం మానేశారు. వేసవి మడ్డితో కూడా ఒకసారి చూపించు, అదీ ఇలాగే వస్తే నేను సంతకం పెడతాను, అన్నారు. ఆ వేసవి మడ్డే ఇప్పుడు ఊకలో పొదిగి, సీసాల్లో, పెట్టెలో, మామూ చెయ్యి కింద ఉంది. వానలు పడితే గొయ్యి నిండిపోతుంది, మళ్లీ వేసవిదాకా ఆగాలి. ఆగడానికి ఆచార్యుల వారుండాలి కదా, ఈ ఏడు ఆఖరుకి ఆయన పదవి దిగిపోతున్నారు.

"ఈ పెట్టెలో ఏందండీ, ఇంత భద్రంగా పట్టుకున్నారు?" దేవదాసు గొంతు. మామూ ఒక్క క్షణం తడుముకుని, "మా మేనగోడలు మద్రాసు పోతందండీ, పండుమిరప పచ్చడి పట్టుకుపోతంది," అన్నాడు. పచ్చడి. మైమూనాకి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్లమ్మట నీళ్లూ తిరిగాయి. మూడేళ్ల బతుకు పండుమిరప పచ్చడైపోయింది. దేవదాసు ఊరుకుంటేనా, "పల్నాటి పచ్చడంటే నాకు పేణమండీ. ఒక్క ముద్దలోకి చూపిచ్చకూడదా?" అన్నాడు. మామూ నవ్వాడు. ఆ నవ్వు గొంతులోకి దిగిపోవడం పరదా ఇవతలికి కూడా వినపడింది.

అమ్మీ వంటింట్లోంచి వచ్చి మైమూనా భుజం మీద చెయ్యేసింది. అబ్బా మెడకి సున్నం రాసింది ఈ చెయ్యే. ఆ సంగతి మైమూనా ఎన్నడూ అడగలేదు, అడగదు. తెలియని రోజుల్లో చేసినదానికి లెక్కేముంది? తెలిసిన తర్వాత ఊరుకుంటేనే లెక్క. అమ్మీకి తెలుసో లేదో, ఊహించిందో లేదో. ఒకసారి మాత్రం, సెలవుల్లో, కూర తరుగుతూ తరుగుతూ అడిగింది, సున్నం దాన్ని చంపదా బేటీ, అని. మరి పెద్దలు చెప్పారు కదా, చచ్చినదాని తోలైనా పదును పెడితే పాక్ అవుద్దని, మైల పోద్దని? మైమూనా చెప్పింది, పెద్దలు చెప్పింది తోలు గురించి అమ్మీ, దాంట్లో దాక్కున్న దొంగ గురించి కాదు, తోలు పాక్ కావడం వేరు, దొంగ చావడం వేరు. అమ్మీ కత్తిపీట ముందు అలాగే కూర్చుండిపోయింది. ఆ పూట కూర మాడింది.

మామూని చెడ్డవాడనడానికీ నోరు రాదు, అదే చిక్కు. అబ్బా పోయాక గోతిని, కొట్టాన్ని, చెల్లెల్ని, మేనకోడల్ని భుజానేసుకున్నది ఈయనే. ఆడపిల్లని మద్రాసు పంపుతావా అని మసీదు దగ్గర నలుగురూ చుట్టూ చేరితే, మా పిల్ల చదువుద్ది, మీకేంది నొప్పి, అని లుంగీ ఎగ్గట్టింది ఈయనే. మొన్న కూడా ఎంత నెమ్మదిగా చెప్పాడు. నది అవతల నవాబు రాజ్యంలో గొడవలు సద్దుమణిగి ఎన్నాళ్లయిందని బేటీ, మనోళ్లు సగంమంది ఏరు దాటారా సముద్రం దాటారా అని చూస్తన్నారు జనం. ఇప్పుడు సాయిబుల గోతిలో విషముందని సాయిబుల పిల్లే పుస్తకంలో రాస్తే ఏమంటారు? గొయ్యి మూసేస్తారు. గొయ్యి మూస్తే మనం ఒక్కళ్లమేనా, కొండలు లాంటోళ్లు ఎంతమంది పస్తులుంటారు? ఆయన చెప్పింది అబద్ధం కాదు. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి అంటారే, తమకి ఆ గొయ్యి నిజంగానే ఉంది, పెరటి వెనక, ఆవిర్లు కక్కుతూ. కానీ పస్తుల పేరు చెప్పి పస్తులుండేవాడినే చంపుకుంటామా? మూసేసేవాళ్లు మూసేస్తారని మనమే మెడలు మూసుకుని కూర్చుందామా? గొయ్యి మూయమని తను ఎక్కడ రాసింది, పడ్డ గొర్రె తోలు వేరు పెట్టండి, మోసేవాడి మెడకి కప్పు ఇవ్వండి, పొక్కు లేస్తే సున్నం రాయకుండా ఆసుపత్రికి పంపండి, ఇంతేగా. ఇంత చిన్న మాటకి ఇంత పెద్ద పరదానా?

పరదా కదిలింది. మామూ. పచ్చడి తెస్తానని దేవదాసుకి చెప్పి లేచి వచ్చినట్టున్నాడు, పరదాకి అవతలే నిలబడి, మొహం ఇటు ఆనించి గుసగుసగా అన్నాడు. "విను బేటీ. పెట్టె జట్కాలో పెట్టిస్తా. నువ్వు పో. డాక్టరవ్వు, మాక్కూడా పేరే. మన ఊరి పేరు, మన గొయ్యి పేరు మాత్రం అందులో రాయబాక. కొండల్ని రేపు నేనే పంపిస్తా. ఈయన తోళ్లు కట్టిచ్చుకుని పోయిందాకా నోరు మెదపబాక." అంటూనే పరదా పక్క నుంచి చెయ్యి లోపలికి చాపాడు. చేతి మీద తువ్వాల కప్పి ఉంది.

మైమూనా ఆ తువ్వాలని చూసింది. ఆడదానితో ఈ మాచర్లలో ఎవరైనా తువ్వాల బేరం ఆడారా ఇంతవరకూ? ఎంత గౌరవమిచ్చాడు మామూ, ఎంత తెలివిగా ఇచ్చాడు. ఆమె చెయ్యి దానంతటదే తువ్వాల కిందికి వెళ్లింది. మామూ అరచెయ్యి గరుగ్గా, ఉప్పుకీ సున్నానికీ పగిలిపోయి, వెచ్చగా తగిలింది. చిన్నప్పుడు ఏరు దాటేటప్పుడు తనని ఎత్తుకున్న చెయ్యి ఇది. అదిమితే చాలు. పెట్టె వస్తుంది, ఆచార్యుల వారి సంతకం వస్తుంది, మైమూనా పేరు ముందు డాక్టర్ అని వస్తుంది. ఊరి పేరు రాయకపోతే మునిగిందేముంది? పల్నాటిలో ఒకానొక గొయ్యి, అని రాస్తే సరిపోదూ? సరిపోతుంది, మద్రాసుకి సరిపోతుంది, లండనుకీ సరిపోతుంది. ఒక్క మాచర్లకే సరిపోదు. ఇక్కడ రేపు ఇంకో పోలేరమ్మ ఇంకో మెడకి సున్నం రాస్తూనే ఉంటుంది, అదీ ఇంత నిదానంగా, ఇంత ప్రేమగా. కొండల్ని రేపు పంపిస్తాడట. అబ్బాని కూడా రేపు పంపిద్దామనే అనుకున్నారు. రేపు, రేపు. ఆ రేపు రాకముందే ఆయన్ని గోరీల దొడ్డికి తీసుకెళ్లారు. తువ్వాల కింద మామూ వేళ్లు చిన్నగా కదిలాయి, తొందరపెడుతున్నాయి. దూరంగా స్టేషను వైపు ఇంజను మొదటి కూత వేసింది. గుర్రం మళ్లీ గిట్ట కొట్టింది. అబ్బా, మీరు నేర్పిన భాషలో ఒప్పుకోవడానికి గుర్తుంది, తప్పుకోవడానికి గుర్తుంది, దొమ్మ అనే మాటకి మాత్రం ఏ వేలూ లేదు. అది నోటితోనే అనాలి.

చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒట్టిగా తీసుకోలేదు, తువ్వాల కూడా లాక్కుంది. మామూ చెయ్యి పరదా ఇవతల బోసిగా ఉండిపోయింది. మైమూనా లేచి పరదా పక్కకి తోసి వసారాలోకి వచ్చింది. వెనకాలే అమ్మీ వచ్చి, పడబోయిన పరదా అంచు పట్టుకుని మళ్లీ వాలకుండా తలుపు గొళ్లేనికి దోపింది.

"దేవదాసు గారూ, ఆ పెట్టెలో పచ్చడి లేదండీ," అంది మైమూనా. "మా సున్నపు గోతి మడ్డి ఉంది. అందులో దొమ్మ ఉంది. మా కొట్టంలో పడుకున్న కొండలు మెడకి పట్టింది అదే. మా అబ్బా పోయింది దాంతోనే. రాచపుండు కాదు."

దేవదాసు సాసరు కింద పెట్టాడు. కాళ్ల దగ్గరున్న తోళ్ల కట్ట నుంచి కాళ్లు వెనక్కి జరుపుకున్నాడు, వేళ్ల వైపు చూసుకున్నాడు. "అదేందమ్మా, సున్నంలో వేశారుగా?" అన్నాడు. ఆచార్యుల వారు, మామూ, పోలేరమ్మ, ఇప్పుడీయన. ఇంతమందికీ ఒకటే వేదం.

"వేశాం. చావలేదు. మూడేళ్లుగా చూస్తన్నా, చావట్లేదు." ఆమె పెరటి వైపు తిరిగి గట్టిగా పిలిచింది. "పోలేరమ్మా, కొండల్ని లేపు. జట్కా దగ్గరికి తీసుకురా. ఆ సున్నం తుడవబాక, నువ్వు చేతులు కడుక్కో."

"మైమూనా!" మామూ మొహం నల్లబడింది. ఆయన రెండంగల్లో వెళ్లి పెట్టె మూత మీద చెయ్యేశాడు. "ఇంటి గుట్టు ఈదిలో పెట్టినావు. నీ మీద పెట్టుకున్న ఆశంతా బుగ్గి చేసినావు. చూడు, ఇప్పుడే దీన్ని తీసుకెళ్లి పారబోస్తా. నీ చదువూ పోద్ది, నీ పిచ్చీ పోద్ది."

పెట్టె ఎత్తితే అయిపోతుంది. వేసవి మడ్డి లేదు, ఆఖరి అధ్యాయం లేదు, సంతకం లేదు. ఏడిస్తే ఇచ్చేస్తాడు, ఏడుపుకి కరిగే మనిషే ఆయన. కానీ ఏడుపు రాలేదు. లైబ్రరీలో పుస్తకం ముందు వచ్చిన కోపమే వచ్చింది, చల్లగా, చక్కగా, చదువుకున్నంత పొందిగ్గా.

"పారబొయ్యండి మామూ," అంది. "ఎక్కడ పోస్తారో చెప్పండి. పెరట్లో పోస్తే పెరట్లో ఉంటది, మన కోళ్లు తిరిగే చోట. చంద్రవంక వాగులో పోస్తే దిగువన ఎవళ్ల గొర్రెలు తాగుతాయో వాళ్ల మందలోకి పోద్ది. పాతిపెడితే మీరు పోయినా, నేను పోయినా, మన పిల్లల పిల్లలు ఆ నేల దున్నిందాకా చూస్తా ఉంటది. సున్నంలో పోస్తే సున్నంలోనే ఉంటది. చావదు మామూ. నేను మూడేళ్లు కూర్చుని రాసింది ఆ ఒక్క ముక్కే."

పెరటి దారిన పోలేరమ్మ వచ్చింది, కొండలు చెయ్యి తన భుజం చుట్టూ వేసుకుని. కొండలు వాపుతో తల ఒక పక్కకి వాల్చి, అలాంటి స్థితిలో కూడా మామూ ముందు నడుం వంచబోయాడు. "సాయిబు గారికి కోపమొచ్చిద్దేమోనమ్మా," అన్నాడు మెల్లగా. రానియ్యి కొండలూ, ముందు నువ్వు ఎక్కు, అంది మైమూనా. అతన్ని జట్కాలో వాల్చి, పక్కన పోలేరమ్మని కూర్చోబెట్టి, వెనక్కి తిరిగి చూసింది.

మామూ పెట్టె ఎత్తలేదు. గోతి వైపు చూశాడు, పెరటి వైపు చూశాడు, వాగు వైపు చూశాడు. ఎటు చూసినా తన నేలే. చూసి చూసి మూత మీద నుంచి చెయ్యి తీశాడు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తోళ్లలో మునిగిన ఆ చేతిని తిప్పి అరచెయ్యి చూసుకున్నాడు. తుడుచుకోవడానికి భుజం మీది తువ్వాల కోసం తడుముకున్నాడు. మరో భుజం తడుముకున్నాడు. తువ్వాల మైమూనా చేతిలో ఉంది.

ఆమె వెళ్లి పెట్టె చంకనేసుకుని జట్కా ఎక్కింది. తువ్వాల తిరిగి ఇవ్వలేదు.